బీజీ తల ఊపేదాకా

మా అమ్మాయి స్కూల్లో ఈ మధ్య హాజరు పిలవడం మానేశారు. మెడలో ఒక కార్డు వేలాడుతుంది. గేటు దగ్గర దాన్ని పెట్టెకి చూపిస్తే కీచుమంటుంది. పిల్ల చేరినట్టు నా ఫోనుకి కబురొస్తుంది. మొన్న పొద్దున జడ వేస్తూ అడిగాను, "మరి మేడమ్ మీ పేర్లు పిలవదా? మీరు లేచి ప్రెజెంట్ అనరా?" అని.

"నామ్ కౌన్ బులాతా హై అబ్, మమ్మీ?" ఇప్పుడు పేర్లెవరు పిలుస్తారని నవ్వింది. నేను తెలుగులో అడగడం, అది హిందీలో జవాబివ్వడం మా ఘాజియాబాద్ ఇంట్లో మామూలే.

అది వ్యానెక్కి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను దువ్వెన పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పిలిచినా పలకని ఒక్క పేరు కోసం స్కూలు స్కూలంతా ఊపిరి బిగపట్టి ఆగడం నేను చూశాను. అప్పటికి నాకు పదేళ్లు.

మా ఇల్లు ఢిల్లీలో ఒక పాత స్కూలు ఆవరణలోనే ఉండేది. అయినా నేను ఆ స్కూలు పిల్లని కాను. నాన్న అక్కడ సైన్సు లాబ్‌లో అటెండరు. లాబ్ వెనక వరసగా ఉన్న నాలుగు క్వార్టర్లలో చివరిది మాది. నాకు ఏడేళ్లప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండెకి తగిలింది. మెట్లెక్కకూడదు, పరుగెత్తకూడదు, గుంపులో తిరగకూడదు అన్నారు డాక్టరుగారు. అమ్మ ఆస్పత్రిలో నర్సు కాబట్టి మూడు వారాలకోసారి సూది ఇంట్లోనే పడేది. చదువూ ఇంట్లోనే. బాపట్ల దగ్గర మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మా అమ్మమ్మ నా కోసమే ఢిల్లీ వచ్చేసింది. కందిపప్పు గింజలతో కూడికలూ, రోజూ పొద్దున చదివే బైబిలు వాక్యంతో తెలుగూ నేర్పింది. ఈ నాలుగు ముక్కలు ఇవాళ నేను రాయగలుగుతున్నానంటే ఆవిడ పెట్టిన భిక్షే. ఆవిడని నాకిచ్చినందుకు దేవునికి స్తోత్రం.

మా క్వార్టర్‌కి రెండు వాసనలుండేవి. లాబ్ వైపు కిటికీ తెరిస్తే గ్యాసు వాసన, వంటింటి వైపు తెరిస్తే అమ్మమ్మ వంకాయలో వేసే ఎండురొయ్యల వాసన. రొయ్యలు వేగుతున్నప్పుడు పక్క క్వార్టర్ ఆంటీ దడాలున తలుపులు మూసేది. సాయంత్రం అయ్యేసరికి మాత్రం చిన్న గిన్నె పట్టుకుని వచ్చేది, "అమ్మాజీ, థోడా సా బచా హై క్యా?" కొంచెం మిగిలిందా అంటూ.

"పొద్దున ముక్కు మూసుకుని సాయంత్రం నోరు తెరుస్తుంది ఈ పిల్ల," అనేది అమ్మమ్మ తెలుగులో, ఆవిడ గిన్నె నింపుతూనే.

కిటికీలోంచి స్కూలు పిల్లల్ని చూడటం నా పెద్ద పని. వాళ్ల గంటలన్నీ నాకు కంఠతా వచ్చు. వాళ్ల ప్రార్థన, వాళ్ల కేకలు, హాజరు పిలిచినప్పుడు వరసగా వినపడే "ప్రెజెంట్ మేడమ్"లు అన్నీ వచ్చు. పలకమీద గీతలు గీస్తూ నేనూ మెల్లిగా ప్రెజెంట్ అనుకునేదాన్ని. అమ్మమ్మకి వినపడితే, "నువ్వు నా ఎదురుగానే ఉన్నావు కదే, మళ్లీ చెప్పడమెందుకు?" అనేది.

ఆ స్కూలు అసెంబ్లీ హాల్లో స్టేజికి ఎడమ పక్కన గోడకి నిలువెత్తు టేకు బల్ల ఉండేది. నల్లరంగు మీద బంగారు అక్షరాలు. ఆ స్కూల్లో చదివి, సైన్యంలో చేరి, వేర్వేరు యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లవి. మొత్తం ఇరవై మూడు. చివరి రెండూ అప్పటికి కొద్ది ఏళ్ల కిందట మంచుకొండల మీద జరిగిన పోరులో చేరినవి. ఆ రెండు పేర్లవాళ్లకి పాఠాలు చెప్పిన మేస్టర్లు ఇంకా స్కూల్లోనే ఉండేవారు. ప్రతి పేరు పక్కనా బొటనవేలి గోరంత ప్రమిద, దాని మీద చిన్న జ్వాల. మా నాన్న అక్షరం ముత్యంలా ఉంటుందని ఆ బల్ల బాధ్యత నాన్నకే అప్పగించారు. ఏటా డిసెంబరులో వాళ్లని తలుచుకునే రోజుకి ముందురోజు మధ్యాహ్నం, బంగారు పొడి వార్నిష్‌లో కలిపి, వెలిసిన గీతలన్నీ సన్న కుంచెతో మళ్లీ దిద్దేవాడు.

తలుచుకునే పద్ధతి ఒకటుంది. అది ఆ స్కూలుదే, మరెక్కడా నేను వినలేదు. ఉపన్యాసాలయ్యాక ప్రిన్సిపాల్ హాజరు పట్టీ తెరిచి ఆ పేర్లు పిలుస్తారు. మేజరనీ కెప్టెననీ ఉండదు. స్కూలు విడిచినప్పుడు వాళ్లు ఏ తరగతో, ఏ సెక్షనో, రోల్ నంబరెంతో అదే. ఒక్కొక్క పేరుకీ పిల్లలంతా కలిసి "ప్రెజెంట్ సర్" అంటారు. ఒక్క పేరుకి మాత్రం ఎవ్వరూ పలకరు. ఆ పేరు పక్కన ప్రమిద కూడా లేదు.

ఆ అబ్బాయి పడమటి సరిహద్దులో ఒక యుద్ధంలో తప్పిపోయాడు. శవం దొరకలేదు, చేతి గడియారం దొరకలేదు. వెంట ఉన్నవాళ్లలో ఒకడు పడిపోవడం చూశానన్నాడు, ఇంకొకడు నడిచి వెళ్తుంటే చూశానన్నాడు. ఖైదీలు తిరిగొచ్చినప్పుడు వాళ్లమ్మ సరిహద్దు దగ్గర మూడు రోజులు నిలబడి ఒక్కొక్క మొహమూ చూసిందట. అప్పటి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, "పేరు రాయండి, దీపం పెట్టకండి. పిలవండి, మీరెవరూ పలకకండి. వాడొస్తే వాడే పలుకుతాడు," అని అడిగిందట. అప్పట్నుంచీ ఆ పేరు పిలిచాక స్కూలంతా ఆగుతుంది. ముందు వరసలో కూర్చున్న ఆవిడ తలెత్తి, ఇక చాలన్నట్టు మెల్లిగా తల ఊపేదాకా ఆగుతుంది. అప్పుడు తర్వాతి పేరు. ఆవిడని అందరూ బీజీ అనేవారు, పంజాబీలో అమ్మగారన్నట్టు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఉండేది. ఆ ముందురోజు మధ్యాహ్నం కూడా ఆటోలో వచ్చి, కొడుకు పేరు మీద ఒక్కసారి చెయ్యి ఆనించి వెళ్లేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ రోజున నేను జ్వరంతో మంచంలోనే ఉన్నాను. కిటికీలోంచి "ప్రెజెంట్ సర్"లు వినపడి, మధ్యలో ఒక్కసారి అంతా ఆగిపోతే కరెంటు పోయిందనుకున్నాను.

నాకు పదేళ్లు వచ్చిన ఏడాది, తలుచుకునే రోజుకి ముందురోజు, స్కూలు మధ్యాహ్నానికే వదిలేశారు. అమ్మ డ్యూటీలో ఉంది. అమ్మమ్మ నాకు రెండు స్వెట్టర్లు వేసి, నాన్నకి క్యారేజీ ఇచ్చి రమ్మని పంపింది. "ఇచ్చి తిన్నగా రా. ఎక్కడా ఎగబాకకు," అంది.

నాన్న స్టూలు మీద కూర్చుని కింది వరస దిద్దుతున్నాడు. హాలంతా టర్పెంటైన్ వాసన. నాకు ఆ వాసనంటే ప్రాణం. అన్నం తింటూ నాన్న కుంచె ఎలా పట్టాలో, జ్వాల కొసని ఎలా సన్నగా లాగాలో పాత అట్టముక్క మీద చూపించాడు. నాలుగైదు ప్రమిదలు నా చేత వేయించి, "నాకంటే నీ చెయ్యే కుదురుగా ఉందే," అన్నాడు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో!

అంతలో ప్యూన్ వచ్చాడు. "భయ్యా, సాబ్ రమ్మంటున్నారు. లాన్‌లో కుర్చీలు వేయాలంట." నాన్న కుంచె డబ్బాలో పెట్టి, "ఇక్కడే కూర్చో, కదలకు," అని వెళ్లాడు.

నేను కూర్చుని పేర్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు. ప్రమిదలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండో పేరు పక్కన ఖాళీ. నాన్న మర్చిపోయాడు! నాలుగు నెలల కిందటే వచ్చిన కొత్త ప్రిన్సిపాల్ ప్రతి చిన్నదానికీ కోప్పడతారని ఇంట్లో రోజూ వింటున్నాను. రేపు ముఖ్య అతిథిగా ఒక జనరల్‌గారు, ఈ స్కూల్లోనే చదివినాయన, వస్తున్నారు. అందరి ముందూ నాన్న మాట పడతాడు.

మా ఇంట్లో దీపం పెట్టే అలవాటు లేదు. కరెంటు పోతే కొవ్వొత్తి, అంతే. పోయినవాళ్ల పేరు పక్కన దీపమెందుకు పెడతారో నాకు తెలియదు. నా కళ్లకి అది పేరు పక్కన వేసే ముగ్గులాంటిది. అందరికీ వేసి ఒక్కరికి వేయకపోవడమేమిటి అనిపించింది.

డాక్టరుగారు వద్దన్న పనే చేశాను. స్టూలెక్కాను. ఊపిరి బిగపట్టి, నాన్న చూపించినట్టే, ముందు ప్రమిద, తర్వాత జ్వాల. కొసని సన్నగా లాగాను. దిగి దూరం నుంచి చూసుకుంటే తక్కిన వాటన్నిటికంటే అదే అందంగా ఉంది. నాన్న ఎప్పుడొస్తాడా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

నాన్న వచ్చాడు. నేను వేలు పెట్టి చూపించాను. "చూడు నాన్నా, నువ్వు మర్చిపోతే నేను వేసేశాను."

నాన్న మొహం పాలిపోయింది. గోడ గడియారం చూశాడు. నాలుగుకి పది నిమిషాలు. గబగబా గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి, ఆ దీపం అంచు మీద అద్దాడు. రంగు అప్పటికే బంకగా అయిపోయింది. దీపం పోలేదు సరికదా, పక్కన ఆ పేరు మొదటి అక్షరం అలుక్కుపోయింది. నాన్న చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది నాన్నా?"

"ఇది మర్చిపోయింది కాదే, అమ్మడూ. ఆయన పోయినట్టు ఎవరికీ తెలియదు. వాళ్లమ్మగారు ఇప్పుడొస్తారు," అన్నాడు.

బయట ఆటో ఆగిన చప్పుడు. నాన్న నన్ను స్టేజి తెర వెనక్కి తోశాడు. "బయటికి రాకు. నోరు విప్పకు. ఏం జరిగినా సరే."

తెర సందులోంచి చూశాను. తెల్లటి చున్నీ తల మీదుగా కప్పుకుని, చేతికర్రతో, వంగిన నడుముతో ఒక ముసలావిడ. పక్కన మర్యాదగా ప్రిన్సిపాల్. గేటు దగ్గర కనపడితే తోడుగా వచ్చినట్టున్నారు. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది, చెయ్యి చాచింది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

ఆవిడ మాట్లాడినదంతా హిందీ, పంజాబీ కలిపి. నాకు గుర్తున్నంతలో మన మాటల్లో రాస్తున్నాను.

"ఇది ఎవరు పెట్టారు?"

"నా తప్పే, బీజీ," అన్నాడు నాన్న. "చేతి పొరపాటు. తీసేస్తున్నాను."

"ముప్ఫై ఏళ్లుగా లేని పొరపాటు ఈ రోజొచ్చిందా, బేటా?" ఆవిడ నాన్న వైపు చూడటం లేదు, ప్రిన్సిపాల్ వైపు చూస్తోంది. "మీరు నాతో చెప్పి పెట్టించి ఉంటే పోట్లాడేదాన్ని. ఈ పేదవాడి చేత దొంగచాటుగా పెట్టించారా?"

"దేఖియే మాతాజీ, నేను పెట్టించలేదు," అన్నారాయన. "కానీ పెట్టింది తప్పని కూడా నేననలేను. పోయినట్టేనని ప్రభుత్వం కాగితం ఇచ్చింది కదా. రేపు జనరల్ సాబ్ వచ్చి ఇదొక్కటి ఎందుకిలా ఉందంటే నేనేం చెప్పను? ఇప్పుడు తీస్తే మచ్చ పడుతుంది. రహ్‌నే దీజియే, ఉండనివ్వండి."

"కాగితం నా దగ్గరా ఉంది, పెట్టె అడుగున. అది సర్కారు రాసింది. ఇది వాడి స్కూలు రాసింది. వాడు సెలవు చీటీ పంపకుండా మానేశాడు, అంతే. చీటీ లేకుండా మానేసినవాడు చచ్చిపోయినట్టా?"

"అలాంటివాళ్ల పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేస్తాం, మాతాజీ," అన్నారు ప్రిన్సిపాల్ నెమ్మదిగా. ఎగతాళిగా కాదు, ఉన్న మాట చెప్పినట్టే.

"అయితే కొట్టేయండి. దీపం మాత్రం పెట్టకండి. ఇది ఉంటే రేపు నేను రాను. ఇక ఎప్పటికీ రాను." ఆవిడ కర్ర తిప్పుకుంది.

నాన్న తల దించుకుని నిలబడ్డాడు. నా కోసం అబద్ధమాడుతున్నాడు. ఆ అబద్ధం వల్ల ఒక తల్లి వెళ్లిపోతోంది. నోరు విప్పకు అన్న నాన్న మాట ఒకవైపు, నిజం చెప్పడానికి భయపడకూడదని అమ్మమ్మ రోజూ చెప్పే మాట ఒకవైపు. కాళ్లు నాకు తెలియకుండానే కదిలాయి. తెర తప్పించుకుని బయటికొచ్చాను.

"నేనే వేశాను," అన్నాను హిందీలో. "పాపా నహీ. మైనే."

ముగ్గురూ తిరిగారు. నాన్న కళ్లు మూసుకున్నాడు. బీజీ నా దగ్గరికొచ్చింది. ఆవిడ దగ్గర నెయ్యి, నాఫ్తలీన్ ఉండలు కలిసిన వాసన. పాత పెట్టెలోంచి తీసిన శాలువ కాబోలు.

"ఎందుకు వేశావు?"

"అందరికీ ఉంది. ఈయనొక్కరికే లేదు. నాన్న మర్చిపోయాడనుకున్నా. రేపు నాన్నని తిడతారని..." అక్కడితో ఏడుపొచ్చేసింది.

బీజీ కర్ర ఎడమ చేతికి మార్చుకుంది. కొడతుందేమో అనుకున్నాను. "ఇంతమంది పెద్దవాళ్లు ముప్ఫై ఏళ్లు నా చుట్టూ తిరిగినా చేయలేని పని చేశావు," అంది. నవ్విందో, ఏడ్చిందో ఆ గొంతులో తెలియలేదు. "నువ్వే వేశావు, నువ్వే తీయి."

నాన్న నన్ను స్టూలు మీద నిలబెట్టి నడుం పట్టుకున్నాడు. టర్పెంటైన్ గుడ్డతో మెల్లిగా రుద్దాను. కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు కారిపోతున్నాయి. ముందు జ్వాల పోయింది, తర్వాత ప్రమిద. నల్లరంగు కూడా కొంచెం లేచి, దీపం ఉన్నచోట బూడిదరంగు మచ్చ మిగిలింది. బీజీ చెయ్యి చాచి ఆ మచ్చ మీదా, అలుక్కుపోయిన అక్షరం మీదా ఆనించింది. వేళ్లకి బంగారు రంగు అంటుకుంది. తుడుచుకోలేదు.

ప్రిన్సిపాల్ మొహం ఎర్రబడింది. "రేపు ప్రోగ్రాం అయ్యాక నా రూముకి రండి. సంజాయిషీ రాసి తీసుకురండి," అన్నారు నాన్నతో. తర్వాత బీజీతో, "ఇంకో మాట, మాతాజీ. జనరల్ సాబ్‌కి తర్వాత ఇంకో కార్యక్రమం ఉంది. అంతా మినిట్ టు మినిట్ వేశాం. పేరు పిలుస్తాను. ఆగడం మాత్రం కుదరదు."

"పిలిచేది మీరు," అంది బీజీ. "మీ ఇష్టం." కర్ర చప్పుడు గుమ్మం దాటి వెళ్లిపోయింది. రేపు వస్తానని గానీ, రానని గానీ చెప్పలేదు.

ఆ సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అంతా విని, "క్వార్టర్ ఖాళీ చేయమంటే ఈ చలిలో దీన్ని పెట్టుకుని ఎక్కడికి పోతామండీ?" అంది.

"రేపటిది రేపు చూద్దాం," అన్నాడు నాన్న. తెల్లకాగితం ముందు పెట్టుకుని మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాడు.

అమ్మమ్మ నన్ను పక్కలో కూర్చోబెట్టుకుని నాడి చూసింది. "స్టూలెక్కావుటే? ఎక్కి, పైగా నిజం కూడా చెప్పావా? ఒక్క రోజులో రెండు ఘనకార్యాలు," అంది. తర్వాత కాసేపటికి, "బాబూ, జరిగింది జరిగినట్టే రాయండి. దాన్ని దాచకండి. దాస్తే దానికే బరువు," అంది నాన్నతో.

జనరల్‌గారి కారు చెడిపోవాలని నేను ప్రార్థన చేశాను. అప్పుడు తొందరేముండదు కదా, అందరూ ఆగవచ్చు. అమ్మమ్మకి చెబితే, "దేవుణ్ణి మెకానిక్కుని చేశావా! అడగాల్సింది అది కాదే. ఆ తల్లికి రేపు అవమానం జరక్కుండా చూడమని అడుగు," అంది. అలాగే అడిగాను.

పొద్దున పొగమంచు. లాబ్ గోడ కూడా కనపడటం లేదు. జనరల్‌గారి కారు బాగానే వచ్చింది, వేళకే. నాన్న మైకు చూసుకునే పనిలో హాలు పక్క గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మమ్మ శాలువ చుట్టుకుని నేను నాన్న వెనక. మెరూన్ కోట్లలో ఆరేడు వందలమంది పిల్లలు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీ.

ప్రార్థన అయిపోయింది. కుర్చీ ఖాళీగానే ఉంది. స్వాగతం అయిపోయింది. జనరల్‌గారి మాటలు సగంలో ఉండగా తలుపు దగ్గర కర్ర చప్పుడు. పొగమంచులో ఆటో దారి తప్పిందట. బీజీ వచ్చి కూర్చుంది. నాన్న పెద్దగా ఊపిరి వదిలాడు.

హాజరు మొదలైంది. పేరు, తరగతి, రోల్ నంబరు. "ప్రెజెంట్ సర్!" కిటికీ అద్దాలు అదిరేవి. కింది తరగతుల పిల్లలు కొంచెం ఆలస్యంగా, కీచు గొంతులతో. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది. తొమ్మిది. పది.

పదకొండో పేరు చదివారు ప్రిన్సిపాల్. కాగితంలోంచి తలెత్తలేదు. వెంటనే పన్నెండో పేరు చదివేశారు. పన్నెండో పేరుకి పక్కన దీపం ఉంది. పిల్లలు పలకాలి.

ఎవరూ పలకలేదు.

ఆయన మైకు మీద వేలితో టకటకమని కొట్టారు. నాన్న వైపు చూశారు. మైకు బాగానే ఉందని నాన్న చెయ్యి చూపించాడు. ఆయన పన్నెండో పేరు మళ్లీ, ఇంకొంచెం గట్టిగా, చదివారు. ఆరేడు వందలమందిలో ఒక్క గొంతు లేవలేదు. అప్పుడు తలెత్తి చూశారు. పిల్లలెవరూ ఆయన్ని చూడటం లేదు. అందరి కళ్లూ ముందు వరసలో ఆ తెల్ల చున్నీ మీదే ఉన్నాయి. టీచర్లు కూడా అటే చూస్తున్నారు. జనరల్‌గారు ఎప్పుడు లేచారో, చేతులు రెండు పక్కలా బిగించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు.

నా నాడి నేను లెక్కపెట్టుకోవడం అమ్మ నాకు నేర్పింది. మణికట్టు పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూరు దాటాను. ఎక్కడో ఒక చిన్నపిల్ల తుమ్మింది, ఎవరూ నవ్వలేదు. నూట యాభై దగ్గర లెక్క తప్పిపోయింది. బీజీ తల వంచుకునే ఉంది. ఆవిడకి జరిగింది తెలియలేదేమో, పన్నెండో పేరు విని తన వంతు అయిపోయిందనుకుందేమో, ఇలాగే ఉండిపోతుందేమో అని నాకు భయం వేసింది.

అప్పుడు ఆవిడ నెమ్మదిగా తలెత్తింది. వెనక్కి తిరిగి పిల్లలందర్నీ, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది. మళ్లీ ముందుకు తిరిగి తల ఊపింది.

ప్రిన్సిపాల్ పన్నెండో పేరు మూడోసారి చదివారు. "ప్రెజెంట్ సర్!" అని హాలు కప్పు ఎగిరిపోయేంతగా అరిచారు పిల్లలు. నాన్న కళ్లద్దాలు తీసి స్వెట్టరుకి తుడుచుకున్నాడు.

తర్వాత నాన్న సంజాయిషీ పట్టుకుని వెళ్లాడు. ప్రిన్సిపాల్ చదివి, "ఎవరు నేర్పారు ఈ పిల్లలకి?" అని అడిగారట.

"ఎవరూ నేర్పలేదు సార్. నర్సరీ నుంచీ ఆగుతున్నారు," అన్నాడట నాన్న.

ఆయన కాగితం ఫైల్లో పెట్టేసుకున్నారు. క్వార్టర్ పోలేదు. అలాగని ఆయన నాన్నని క్షమించేశారనీ చెప్పను. తర్వాతి రెండేళ్లు బల్ల దిద్దడానికి బయటి పెయింటర్‌ని పిలిపించారు. నాన్న ఆ రెండు డిసెంబర్లూ అన్నం సరిగా తినలేదు. ఆ బూడిద మచ్చ మీద నల్లరంగు వేయమని మాత్రం ఎవరూ పెయింటర్‌కి చెప్పలేదు.

ఆ రోజు లాన్‌లో టీ తాగేటప్పుడు బీజీ నన్ను పిలిపించుకుంది. న్యూస్ పేపర్లో చుట్టిన పిన్నీ ఒకటి నా చేతిలో పెట్టింది. గోధుమపిండి నేతిలో వేయించి బెల్లంతో చుట్టిన లడ్డు. ఇప్పటికీ అంత కమ్మటిది నేను తినలేదు.

"ఏ క్లాసు?" అని అడిగింది.

"స్కూలుకి వెళ్లను. ఇంట్లోనే. మా అమ్మమ్మ చెబుతుంది."

"అయితే నీ పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదన్నమాట."

"లేదు."

ఆవిడ నా పేరడిగింది. చెప్పాను. కర్ర కింద ఆనించి, కొంచెం నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని ప్రిన్సిపాల్ పిలిచినట్టే నా పేరు గట్టిగా పిలిచింది. చుట్టూ టీ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా, "ప్రెజెంట్," అన్నాను.

"షాబాష్," అంది బీజీ.

నా గుండె నయమై, నేను ప్రైవేటుగా పరీక్షలు రాసి, పెళ్లయి ఘాజియాబాద్ వచ్చేశాక బీజీ పోయారు. కొడుకు కబురు చివరిదాకా తెలియలేదు. అమ్మమ్మ అంతకు ముందే ప్రభువు దగ్గరికి వెళ్లింది. నాన్న రిటైరయ్యాడు గానీ, ఆ రోజుకి ఇప్పటికీ వెళ్లి పక్క గుమ్మం దగ్గరే నిలబడతాడు. కుర్చీ వేసినా కూర్చోడు.

బీజీ లేని మొదటి ఏడాది ఏం జరిగిందో ఆ మధ్యాహ్నమే ఫోన్‌లో చెప్పాడు. అప్పటికి ప్రిన్సిపాల్ ఒక మేడమ్. పదకొండో పేరు పిలిచి ఆగారట. ముందు వరసలో తల ఊపేవాళ్లు లేరు. ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియదు. టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మేడమ్ పట్టీ పట్టుకుని అలాగే నిలబడి ఉండిపోయారట. నిమిషాలు గడుస్తున్నాయట.

"మరి ఎలా ముగిసింది నాన్నా?" అన్నాను.

"ఒకటో తరగతి పిల్ల, కొత్తగా చేరినట్టుంది, లేచి నిలబడి గట్టిగా అడిగేసిందే. మేడమ్, వో అంకుల్ ఆ గయే క్యా, వచ్చేశారా? అని."

"మేడమ్ ఏమన్నారు?"

"అభీ నహీ, బేటా, ఇంకా రాలేదు, అన్నారు. అని, తర్వాతి పేరు చదివారు."